మూడో నీడలో గరుడ పక్షులు

చైత్ర శుద్ధ దశమి

నరసింహస్వామికి దండం పెట్టుకుని ఈ ఏటి వేసవి గమనికలు మొదలుపెడుతున్నాను. రాసేది పేరిందేవి, వెలిగొండ మూడో నీడ, అంటే ఎండకు గుడ్డ కప్పుకున్న ఊళ్లలో మూడోది. చూసింది చూసినట్టు రాయాలని, సొంత ఊహలు కలపకూడదని పక్షుల లెక్క రాయించే కేంద్రం వాళ్లు చెప్పారు. పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. అంతకు మించి కలపడానికి నా దగ్గర ఏముంది?

వెలుగు రాకముందే మా నీడ పక్కనున్న రాతిగుండు ఎక్కాను. పైనున్న స్వామికి దీపం పెట్టి అక్కడే కూర్చుని ఆకాశం చూశాను. గరుడ పక్షులు ఐదు కనిపించాయి. ఇటుకరంగు రెక్కలు, తెల్లటి తల, మెడ. మూడు వాగు మీద గాలికి తేలుతున్నాయి. మిగతా జంట పాత సెల్ టవర్ కొసన గూడు పెట్టింది. డేగ ఒకటి తొండను పట్టుకుని పోయింది. రాబందులు లేవు. రాబందుల గడిలో ఏటా సున్నే పెడుతున్నానని, ఆ గడి తీసేయమని పోయిన ఏడు అడిగాను. ఉండనీయండమ్మా అన్నారు. ఉంచాను.

వాగు మలుపు దగ్గర చిన్న పసుపు సీతాకోకలు ఇసుక మీద గుంపుగా వాలాయి. అవి అలా వాలాయంటే అడుగున చెమ్మ ఉన్నట్టే. దిగి వెళ్లి మస్తానమ్మకు చెప్పాను. చెలమలు తవ్వే ఆడవాళ్లకు ఆమే పెద్ద. ఎండ ఎక్కకముందే నలుగురు పారలు పట్టుకుని వెళ్లి తవ్వితే మోచెయ్యి లోతులోనే నీళ్లు ఊరాయి. అందరికీ రెండేసి బిందెలు వచ్చాయి.

ఇందుకే మా నీడలో ఈ పనిని చిన్నచూపు చూడరు. సీతాకోకలు నీళ్లు చూపిస్తాయి. కాకులు అంతరించాక మా పిండాలు ముట్టే పక్షి గరుడ పక్షి ఒక్కటే. ఏ పొద్దున ఏ దిక్కున తిరుగుతున్నాయో నన్ను అడిగి వెళ్లి పిండాలు పెడతారు.

తిరిగి వస్తుంటే మస్తానమ్మ కూతురు పెంచల నడుముకు తాడు బిగించుకుంటూ ఎదురైంది. మా ఇళ్ల మీద స్తంభాలకు కట్టిన వెండిరంగు గుడ్డ చినిగితే ఎక్కి కుట్టేది ఆ పిల్లే. గుడ్డ కింద ఉంటే బతుకుతాం. గుడ్డ పైన పట్టపగలు పని చెయ్యాలంటే ఒంటి వేడిని దించే చలవబిళ్ల మింగి ఎక్కాలి.

"పెద్దమ్మా, నీ పక్షుల్ని నా జోలికి రావద్దని చెప్పు. నిన్న ఒకటి నా నెత్తిమీద ఇంత ఎత్తున పోయింది. నన్ను చేపనుకునిందేమో."

"చేపకు అంత నోరుండదులే," అంది మస్తానమ్మ చెలమ దగ్గర నుంచి బిందెతో వస్తూ.

"నోరు నీ దగ్గర నుంచే వచ్చిందిమా. పెద్దమ్మ దగ్గర పుట్టుంటే మెత్తగా మాట్లాడేదాన్ని."

"బిళ్ల మింగావా?"

"మింగినా, మింగినా. రోజూ ఇదే అడుగుతుంది చూడు పెద్దమ్మా."

చైత్ర బహుళ తదియ

గరుడ పక్షులు ఐదు. సీతాకోకలు కరివేపాకు మొక్కల మీద నల్లవి రెండు, రెక్కల మీద తెల్ల చుక్కలు ఉన్నాయి.

ఈరోజు మాల్యాద్రి వాళ్ల నాయనకు పెద్దదినం. కర్మలు చేయించే వరదయ్యగారు గుండు కింద బండ కడిగించి విస్తరి వేయించారు. అన్నం ముద్దలో మా తొట్టిలో పెంచిన చేప ముక్క పెట్టడం మాకు అలవాటు, చేప లేకపోతే గరుడ పక్షి దిగదు. పోయినవాళ్లకు ఇష్టమైనదేదో అది కూడా కలుపుతారు. మాల్యాద్రి రెండు చలవబిళ్లలు నలిపి కలిపాడు.

"మా నాయన ఆఖరి వారం అన్నం అడగలేదక్కా. బెల్లం అడగలేదు. అబ్బయా, బిళ్ల ఉంటే ఇంకొకటి ఇయ్యిరా అన్నాడు. నాకిచ్చేదే రోజుకొకటి. యాడి నుంచి తెచ్చేది?"

ఈ రెండేళ్లుగా అందరూ బిళ్లే కలుపుతున్నారు. ఎండకు పోయినవాళ్లకు అంతకన్నా ఇష్టమైనది ఏముంటుంది?

వాగువైపు నుంచి ఒక పక్షి వచ్చి రెండు చుట్లు తిరిగి, ముద్దను గోళ్లతో ఎత్తుకుపోయింది. మాల్యాద్రి అక్కడే చతికిలబడి ఏడ్చాడు. నేను లెంపలు వేసుకుని దండం పెట్టుకున్నాను. వచ్చినవాళ్లు అందరూ తేలిగ్గా ఊపిరి తీసుకుని ఇళ్లకు పోయారు.

చైత్ర బహుళ అష్టమి

వాగు ఎగువన రాళ్ల మధ్య సీతాకోకల గుంపు. పసుపువి, తెల్లవి, నేను ఎప్పుడూ చూడని పెద్ద గోధుమరంగువి కూడా ఉన్నాయి. గుండు మీద నుంచే చూసి సంతోషంతో గబగబా దిగాను. మొదటి చెలమ ఎండిపోయి రెండు రోజులైంది. మస్తానమ్మ వాళ్లు పారలు ఎత్తుకుని నా వెంట వచ్చారు.

దగ్గరికి వెళ్లేసరికి గుంపు లేచింది. కింద గరుడ పక్షి పడి ఉంది. రెక్కలు పరుచుకుని, మెడ వాల్చేసి ఉంది. దాని కళ్ల మీద, ముక్కు పక్కన ఉన్న తడి కోసం వాలినవి ఆ సీతాకోకలు. మేం పక్కకు జరగగానే మళ్లీ వచ్చి వాలాయి.

చెలమ తవ్వడానికి తెచ్చిన పారలతోనే గుంట తీసి పూడ్చాం. నీళ్లు పడలేదు.

"ముసలిదయ్యుంటుందిలే అక్కా," అంది మస్తానమ్మ.

ముసలిది కాదు. రెక్కల ఈకలు కొత్తవి.

గరుడ పక్షులు నాలుగు.

వైశాఖ శుద్ధ తదియ

నాలుగు రోజుల కిందట ఇంకొకటి పోయింది. ఇది స్తంభం మీద కూర్చున్నది కూర్చున్నట్టే తల వేలాడేసి, మా కళ్లముందే కిందపడింది. దీన్ని గుడ్డలో చుట్టుకుని డాక్టర్ నఫీసా దగ్గరికి తీసుకెళ్లాను. పక్షిని కోస్తుంటే చూడలేక బయట కూర్చుని జపం చేసుకున్నాను. ఆమె పిలిచి లోపల చూపించింది. గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లగా ఉంది.

"పేరిందేవిగారూ, ఈ మధ్య ఇది పిండం తిన్నదా?"

"రెండు రోజుల ముందు తిన్నది."

"అందులో బిళ్ల కలిపారా?"

తలూపాను.

"మనిషికి చలవ చేసే మందే పక్షికి మూత్రపిండాలు ఆర్పేస్తుంది, బయటికి పోవాల్సింది లోపలే ఇట్ల సున్నంలా పేరుకుంటుంది. వెనకటి రోజుల్లో గొడ్ల నొప్పులకు వాడిన మందుతో రాబందులు ఇట్లనే పోయినాయని మాకు చదువులో చెప్పినారు. ఒక్క బిళ్ల చాలు. సగం కూడా చాలు."

ఈరోజు అందరినీ గుడ్డ కింద కూర్చోబెట్టి డాక్టరమ్మ అదే మాట చెప్పింది. తర్వాత వరదయ్యగారు లేచారు. డెబ్బై దాటిన మనిషి. మాకందరికీ ఆయనంటే గౌరవం.

"పిండం ముట్టి గరుత్మంతుడు ఒరిగిపోయాడంటే పోయినవాడిని వెంటబెట్టుకుని స్వామి దగ్గరికే పోయాడని ఎందుకనుకోకూడదు తల్లీ?"

"అనుకోండి సార్. ఇంక మూడే ఉండాయి. మూడుసార్లు పోయిరండి. నాలుగోసారి మిమ్మల్ని వెంటబెట్టుకుపోయేదెవరు?"

చివరికి ఆయనే సరే, ఇకమీదట బిళ్ల కలపకండి అన్నారు. అందరూ ఒప్పుకున్నారు.

పక్షిని కోసిన రోజే సంగతి కేంద్రానికి రాశాను. మరునాడే జవాబు వచ్చింది. వేరే నీడల్లో యంత్రపక్షులు పిండాలు ఎత్తుకుపోతున్నాయని, కావాలంటే మాకూ ఒకటి పంపుతామని. అదీ ఈరోజే అందరికీ చదివి వినిపించాను.

"బ్యాటరీ అయిపోతే మా నాయన సగం దారిలో నిలబడిపోవాల్నా?" అన్నాడు మాల్యాద్రి. "నేను నిచ్చెనేసుకుని పోయి ఛార్జింగ్ పెట్టాల్నా?"

"నువ్వెందుకన్నా, నేనుండాగా. తాడు కట్టుకుని పోయి పెట్టొస్తా," అంది పెంచల.

అందరూ నవ్వారు. చాలా రోజులకు అంతమంది నవ్వడం విన్నాను. యంత్రం వద్దని రాశాను.

వైశాఖ శుద్ధ చతుర్దశి, నరసింహ జయంతి

స్వామికి పానకం చెయ్యడానికి బెల్లం లేదు. నీళ్లలో మిరియం వేసి పెట్టాను. స్వామి ఏమీ అనుకోడు.

మాటంటే మాట అనుకున్నాను. కాదు. తాళ్లు పేనే ఈశ్వరమ్మ భర్త పిండం ముట్టిన పక్షి మూడో రోజున వాగులో దొరికింది. డాక్టరమ్మ కోసి చూసింది. మళ్లీ అదే సున్నం. ఈశ్వరమ్మను అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"చేప ముక్క కడుపులో పెట్టినా అక్కా. ఎవురికీ కనపడదనుకున్నా. బిళ్ల లేకుండా పంపేదానికి నాకు మనసొప్పలా. అంతమందీ చల్లగా పోయి, మా ఇంటాయన ఒక్కడే కాలతా పోతే?"

తిట్టలేకపోయాను. తిట్టడం నాకు రాదు కూడా.

టవర్ మీద జంటలో మగపక్షి నాలుగు రోజులుగా రావడం లేదు. అదెక్కడ పడిందో తెలియదు. గూట్లో పిల్ల ఉంది, తెల్లటి నూగు తల అప్పుడప్పుడు పుల్లల మీదుగా కనిపిస్తుంది. తల్లి ఒక్కతే తిరిగి మేపాలి. వాగులో చేపలు లేవు, కప్పలు లేవు. ఇప్పుడు దాని చూపంతా మా తొట్టి మీద, మా పిండాల మీద. ఇక నుంచి ఎవరు పిండం పెట్టినా అది తను తినదు. పిల్లకే మోసుకుపోతుంది.

గరుడ పక్షి ఒకటి, పిల్ల ఒకటి.

సాయంత్రం ఇంటింటికీ వెళ్లి దండం పెట్టి అడిగాను. బిళ్ల కలపకండి అని. మాల్యాద్రి వాళ్లమ్మ మంచంలో ఉంది, ఆమె చెయ్యి పట్టుకుని అడిగాను. మస్తానమ్మ ఇంట్లో పెంచల తల్లి కాళ్లకు నూనె రాస్తోంది.

"మాకు చెప్పబన్లేదు పెద్దమ్మా. మా ఇంట్లో పొయ్యేవాళ్లు ఎవురుండారు?" అంది.

వైశాఖ బహుళ విదియ

ఈరోజు గమనిక లేదు. గుండు ఎక్కలేదు.

పడమటి స్తంభం దగ్గర గుడ్డ గాలికి చినిగితే పెంచల ఎక్కింది. కుట్టు సగంలో ఆగిపోయింది. కిందున్నవాళ్లు పిలిచారు, పలకలేదు. తాడు లాగి దించేసరికి ఒళ్లు నిప్పులా ఉంది, చెమట చుక్క లేదు. డాక్టరమ్మ ఒక ఖాళీ తొట్టిలో పడుకోబెట్టి నీళ్లు పోసింది. ఎండ వాలకముందే ప్రాణం పోయింది.

పోయిన నెల పెద్దవాళ్లకు ఇచ్చే బిళ్లల్లో కోత పెట్టారు. మస్తానమ్మకు సగం బిళ్లే. కానీ ఆమె రోజూ పూర్తి బిళ్లే మింగుతోంది. మళ్లీ పెంచారుమా, చెలమలు తవ్వేవాళ్లకు పూర్తిగా ఇస్తుండారు అని పెంచల చెప్పింది, నమ్మింది. ఆ పిల్ల తన బిళ్లలో సగం తుంచి తల్లికి కలిపి పెట్టి, తను సగంతో ఎక్కుతోందని, బిళ్లలిచ్చే కొట్టులో అడిగి, పెంచనేలేదని విన్నాక ఇప్పుడు తెలిసింది.

మస్తానమ్మ ఏడవలేదు. కూతురి నడుముకున్న తాడు ముడి విప్పుతూ కూర్చుంది. చీకటిపడేదాకా ఆ ముడి ఊడిరాలేదు.

వైశాఖ బహుళ సప్తమి

గరుడ పక్షి ఒకటి. పిల్ల గూటి అంచుకు వచ్చి రెక్కలు దులుపుతోంది. సీతాకోకలు ఎక్కడా లేవు. రోహిణి కార్తె. బండల మీద చెయ్యి పెట్టలేం.

పెంచల పేరు మీద రావాల్సిన వారం బిళ్లల పొట్లం ఆమె పోయిన మర్నాడు కొట్టుకు వచ్చింది. కొట్టువాళ్లు వెనక్కి పంపలేక తల్లి చేతికి ఇచ్చారు. మస్తానమ్మ దాన్ని దేవుడి పటం ముందు పెట్టింది. తను అప్పటి నుంచి బిళ్ల ముట్టలేదు.

ఈరోజు వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. నేను అడగకముందే ఆమే అంది.

"నువ్వెందుకొచ్చినావో నాకు తెలుసక్కా. నోరు తెరవబాక."

"మస్తానమ్మా..."

"ఈ పొట్లం ఎవురిది?"

"పెంచలది."

"నాదా?"

"కాదు."

"నీదా? నీ పక్షిదా? డాక్టరమ్మదా? దాని సొత్తు దానికి చేరాల. నాకు పెట్టి అది కాలిపొయ్యింది. ఒళ్లు తాకితే చెయ్యి చుర్రుమనింది నాకు. ఆ మంటతోనే దాన్ని పైకి పొమ్మంటావా? మొత్తం నూరి పెడతా. ఒక్కటి కూడా మిగలనియ్యను."

"గూట్లో పిల్లుంది మస్తానమ్మా."

"నాకు ఉండిందిగా, పిల్ల."

పోతూ పోతూ ఆమె కుండలో నీళ్లు ఉన్నాయో లేదో చూసి వచ్చాను.

వరదయ్యగారి దగ్గరికి వెళ్లాను. తల్లి చేత్తో కలిపిన ముద్దను చిదిమి వెతికే పని నావల్ల కాదమ్మా అన్నారు. డాక్టరమ్మ తల పట్టుకుని కూర్చుంది. వెళ్లి బలవంతంగా లాక్కుందామా అని మాల్యాద్రిని అడిగింది. మాల్యాద్రి ఆమెను ఎగాదిగా చూసి, లాక్కుంటే రేపు మా అమ్మకి నేనేం పెట్టాల అన్నాడు.

ఆ పక్షి పోతే ఇక ఎవరి పిండమూ ముట్టే దిక్కు ఉండదు. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసీ ఎవరి పిండం దగ్గరికి వచ్చేసరికి వాళ్లకు వాళ్ల మనిషే కనిపిస్తాడు. నాకూ అంతేనేమో. నాకు పోవడానికి ఎవరూ మిగల్లేదు కాబట్టి పక్షి కనిపిస్తోంది.

వైశాఖ బహుళ ద్వాదశి

ఈ గమనిక ఆలస్యంగా రాస్తున్నాను. కలం పట్టు కుదరడం లేదు. అక్షరాలు సరిగా రాకపోతే మన్నించాలి.

పొద్దున్నే తొట్టి నుంచి నా వంతు చేప తీసుకెళ్లి గుండు మీద పెట్టాను. పక్షి వచ్చి ఎత్తుకుపోయింది. కడుపు నిండితే కిందికి రాదనుకున్నాను. అది గూటికి వెళ్లి, పిల్లకు పెట్టి, మళ్లీ వచ్చి తిరగడం మొదలుపెట్టింది. పిల్ల ఎదిగే వయసు. ఒక్క చేప ఏ మూలకు?

బండ మీద విస్తరి వేశారు. మస్తానమ్మ ముద్ద తెచ్చింది. తెల్లటి అన్నం, మధ్యలో చేప, పైన బిళ్లల పొడి పసుపు చల్లినట్టు కనిపిస్తోంది. దాచలేదు. అందరికీ కనిపించేలాగే తెచ్చింది. ముద్ద విస్తట్లో పెట్టి, దండం పెట్టి, అందరితోపాటు పక్కకు వచ్చింది.

పక్షి దిగసాగింది. దాని నీడ బండ మీద నుంచి పోవడం చూశాను. వరదయ్యగారు కళ్లు మూసుకున్నారు. నా కాళ్లు నాకు తెలియకుండానే ముందుకు నడిచాయి. పైట చెంగు పట్టుకుని విసిరాను, హుష్ అన్నాను. యాభై ఏళ్ల బతుకులో పిండం మీదికి వచ్చిన పక్షిని తోలడం నేను ఎవరి దగ్గరా చూడలేదు, వినలేదు. పక్షి రెక్కలు టపటపలాడిస్తూ పైకి లేచింది.

"ఏమ్మే!" అని అరిచింది మస్తానమ్మ. ఎన్నేళ్లుగానో అక్కా అని పిలిచిన మనిషి. "నా బిడ్డ నోటికాడ కూడు తోలతావా? నీ స్వామి నీకు ఇదే చెప్పినాడా?"

బండ పక్కనే నిలబడ్డాను. పక్షి టవర్ దాకా పోయి వెనక్కి తిరిగింది. మళ్లీ తోలాను.

ఎండ ఎక్కింది. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే గుడ్డ కిందికి తగ్గారు. మస్తానమ్మ తగ్గలేదు. బండకు ఎదురుగా ఎండలో కూర్చుంది. డాక్టరమ్మ వచ్చి లేపబోతే చెయ్యి విదిలించింది.

"అది ముట్టిందాకా నేను లేవను. నన్ను కూడా ఇక్కడే పెట్టెయ్యండి."

పది రోజులుగా బిళ్ల మింగని మనిషి. ముందు చెమట పట్టింది. ఆ తర్వాత చెమట ఆగిపోయింది. పెంచలకు ఆగిపోయినట్టే. డాక్టరమ్మ నా వైపు చూసింది. నా చేతిలో పైట చెంగు ఉంది. నేను తోలినంతసేపూ ఆమె లేవదు. నేను తోలడం ఆపితే పక్షి దిగుతుంది. ముద్దను అక్కడి నుంచి తీసేసి పారేస్తే పెంచలకు ఏదీ చేరదు, తల్లి ఆ మాటతోనే చచ్చిపోతుంది.

స్వామిని అడిగాను. పైన దీపం పొద్దున నేను పెట్టినదే, ఆరిపోయి ఉంటుంది.

బండ దగ్గర కూర్చున్నాను. "మస్తానమ్మా, నేను ముడతాను," అన్నాను. నా గొంతు పెద్దది కాదు, ఆమెకు వినిపించిందో లేదో. ముద్ద రెండు చేతులతో తీసుకున్నాను. వరదయ్యగారు గుడ్డ కింద నుంచి, "వద్దమ్మా, పేరిందేవమ్మా, అది పిండం, మనిషి తినకూడదు," అని అరుస్తూ పరిగెత్తుకొచ్చారు. ఎండలోకి రాలేక అంచున ఆగిపోయారు.

చేదు. అంత చేదు నేను ఎప్పుడూ తినలేదు. చేప ముల్లు గొంతులో తగిలింది. నీళ్లు లేకుండా మింగాను. విస్తట్లో మెతుకు మిగలకుండా ఏరుకుని తిన్నాను. మిగిలితే అది వచ్చి తింటుంది. చివరికి విస్తరి కూడా మడిచి ఒడిలో పెట్టుకున్నాను.

మస్తానమ్మ చూస్తూ ఉండిపోయింది. డాక్టరమ్మ, మాల్యాద్రి వచ్చి చంకల కింద చేతులు వేసి లేపితే లేచింది. ముట్టింది కాబట్టి లేచిందో, ఇక ఓపిక లేక లేచిందో నాకు తెలియదు.

పక్షి బండ మీద వాలి, అటూ ఇటూ నడిచి, ఏమీ లేదని ఎగిరిపోయింది.

జ్యేష్ఠ శుద్ధ తదియ

మూడు రోజులు తెలివి లేదని డాక్టరమ్మ అంటోంది. కడుపు కడిగి, ఎన్ని దుప్పట్లు ఉంటే అన్నీ కప్పిందట. రోహిణి కార్తెలో దుప్పట్ల కోసం ఇంటింటికీ తిరిగిన డాక్టరును నేనేనమ్మా అని నవ్వింది. ఒళ్లు ఇంకా చల్లగానే ఉంది. వేళ్ల గోళ్లు నీలంగా ఉన్నాయి. మూత్రపిండాలు ఎంత దెబ్బతిన్నాయో ఇప్పుడే చెప్పలేనంది.

గుండు ఎక్కలేను. మంచం లోపలే గుమ్మానికి ఎదురుగా వేయించుకుని చూస్తున్నాను. గరుడ పక్షి ఒకటి. పిల్ల నిన్న గూటి నుంచి టవర్ అడ్డకమ్మీ మీదికి ఎగిరిందట, మాల్యాద్రి చెప్పాడు.

పొద్దున వరదయ్యగారు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డారు. లోపలికి రాలేదు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పిండం తిన్న చేత్తో స్వామికి దీపం పెట్టకూడదు తల్లీ. గుండు మీదికి నువ్వు ఇంక రాకూడదు. నేను పెట్టిన నియమం కాదు."

"తెలుసయ్యా," అన్నాను. "దీపం మీరు పెడతారా?"

"పెడతాను."

"వత్తి కొంచెం పొడుగ్గా చెయ్యండి. పైన గాలి ఎక్కువ."

ఆయన వెళ్లాక మాల్యాద్రి వచ్చాడు. తల గీయించుకుని ఉన్నాడు. అమావాస్య నాడు వాళ్లమ్మ పోయిందట. నాకు తెలివి లేని రోజుల్లో. చాలాసేపు నేల మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు.

"అక్కా. మా అమ్మ పెద్దదినం వచ్చే వారం. అప్పటికి నీకు ఒంట్లో బాగుంటే..."

అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"వరదయ్యగారిని అడిగినా. ఒకరిది ముట్టిన మనిషి ఇంకొకరిది ముడితే కొత్తగా వచ్చే దోషం లేదన్నాడు. నువ్వు మనిషివి గదక్కా, బిళ్ల నీకేం కాదు. మీ పక్షి జోలికి మేం పోము. ఈశ్వరమ్మా వాళ్లు కూడా అదే అంటుండారు, ఇంక అందరం నిన్నే..." అని ఆగిపోయాడు. నా గోళ్ల వైపు చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఒక్కటికి మించి కలపొద్దు మాల్యాద్రీ," అన్నాను.

"కలపనక్కా. అమ్మ మీద ఒట్టు. ఒక్కటే."

ఈ సంగతి కేంద్రానికి ఏ గడిలో రాయాలో తెలియక ఇక్కడే రాస్తున్నాను.

ఎండ వాలాక మస్తానమ్మ వచ్చింది. ఆరోజు తర్వాత ఇదే రావడం. డాక్టరమ్మ ఇస్తున్న బిళ్లలు మింగుతోందట, మొహం కాస్త తేటగా ఉంది. గుమ్మం దగ్గర ఆగకుండా లోపలికి వచ్చి, నా మంచం పట్టెమీద కూర్చుంది. నేను దుప్పట్ల కింద వణుకుతున్నాను.

"చలిగా ఉండాదా?" అంది.

"ఉంది."

"ఎంత?"

"తెల్లవారుజామున చెలమలో చెయ్యి పెడితే ఉంటుందే, అంత. ఒళ్లంతా."

"కాళ్లు కూడా?"

"కాళ్లు కూడా."

"లోపల? కడుపులో?"

"లోపల కూడా చల్లగానే ఉంది మస్తానమ్మా. మంట ఎక్కడా లేదు."

ఆమె దుప్పటి తొలగించి నా చెయ్యి బయటికి తీసింది. ముందు వేళ్లు పట్టుకుని చూసింది. తర్వాత అరచెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుంది. నా చేతి చల్లదనానికి ఒక్కసారి ఉలిక్కిపడి, మళ్లీ ఇంకా గట్టిగా అదుముకుంది. అప్పుడు ఏడ్చింది. కూతురు పోయిన రోజు నుంచి ఆమె ఏడవడం నేను చూడలేదు. కన్నీళ్లు నా వేళ్ల సందుల్లోంచి వేడిగా జారి మోచేతి దాకా వచ్చాయి.

"పెంచలా," అంది, నా చేతిలోకి.

"ఊఁ," అన్నాను.